ఊడిన బొమ్మ స్థానంలో

చాలాకాలంగా తొడుగుతున్న ఒక టీషర్టు మీది బొమ్మ ఈమధ్య కుట్లు తెగి ఊడిపోయింది. చొక్కా అంతా వెలిసినా, బొమ్మ ఉన్నంతమేర పాత రంగు మచ్చలా నిలిచింది. దాన్ని కప్పించుకుందామని దర్జీ దగ్గరకు వెళితే, ఆయన ఒక రేకుడబ్బా నా ముందుకు జరిపాడు. నిండా మొసళ్ళూ, గుర్రాలూ, ఆకుల దండలూ! "ఏది కుట్టమంటారు సార్?" అన్నాడు. వెంటనే జవాబు తోచలేదు.

మొసలినే తీసుకోండి. ఫ్రెంచి టెన్నిస్ ఆటగాడు రెనె లాకోస్త్ తన జట్టు నాయకుడితో మొసలితోలు పెట్టె కోసం పందెం కాశాడు. అది తెలిసి అమెరికా పత్రికలవారు ఆయనకు మొసలి అని పేరు పెట్టారు. మిత్రుడు రాబర్ట్ జార్జ్ ఆ బొమ్మ గీసి ఇస్తే, కోటుమీద కుట్టించుకుని ఆటకు వచ్చేవాడు. 1933లో ఆంద్రె జిలియేతో కలిసి సంస్థ స్థాపించి, ఆ మొసలిని చొక్కాలకెక్కించాడు. ఒక మనిషి ముద్దుపేరు, డబ్బున్న ఎవరైనా కొనదగిన సరుకైంది. ఫ్రెడ్ పెర్రీ ఆకుల దండా అంతే. 1934 నుంచి 1936 వరకు వరుసగా మూడుసార్లు వింబుల్డన్ గెలిచిన ఆయన పేర 1952లో చొక్కాలమీదికి వచ్చింది.

2018లో లాకోస్త్ సంస్థే కొన్ని చొక్కాలకు మొసలిని తీసివేసి, అంతరించిపోతున్న 10 జీవుల బొమ్మలు కుట్టింది. ఏ జీవి ఎన్ని మిగిలాయో అన్నే చొక్కాలు. మొత్తం 1,775. వకీటా అనే సముద్రజీవికి 30 మాత్రమే. వ్యాపారమే కావచ్చు, కాని బొమ్మకు మళ్ళీ ప్రాణంతో సంబంధం కుదిరింది.

చిన్నతనంలో మా బట్టలకూ గుర్తుండేది. అంచున, లోపలివైపు, నల్లజీడి రసంతో మా చాకలామె పెట్టిన రెండు చుక్కలు, ఒక గీత. ఎన్ని ఉతుకులకూ చెరిగేది కాదు. ఎన్ని ఇళ్ళ బట్టలు కలిసినా మావి మాకే చేరేవి. లాకోస్త్ మొసలిలాగే అదీ ఎవరో పెట్టిన గుర్తే.

డబ్బాలోని మొసలి నకిలీ అన్నదొక్కటే నా అభ్యంతరం కాదు. అసలుదైనా అది నాది కాదు. గుర్తు మనం కొనుక్కునేది కాదు, మనల్ని ఎరిగినవారు ఇచ్చేదని నా అభిప్రాయం.

ఎర్రదారంతో రెండు చుక్కలు, ఒక గీత కుట్టమన్నాను. మచ్చ పూర్తిగా కప్పుకోలేదు. "ఇదే కంపెనీ సార్?" అన్నాడు దర్జీ.

మీ ఇంటి గుర్తేమిటో మీకు జ్ఞాపకముందా?