కెమెరా కొనబోయే ముందు



ఒక ఇంటిలో పెద్దవారు కన్నుమూసినప్పుడు ఇంటివారు మొదట వెదికే వాటిలో ఫొటో ఒకటి. రేషన్ కార్డు మీది చిన్న బొమ్మనో, పెండ్లి గుంపులో చివరన నిలుచున్న ముఖమునో పట్టుకొని స్టూడియోకు పోవుట మన పల్లెలలో అందరము చూచుచున్నదే. దానిని పెద్దదిగా చేయగానే ముఖము చెదిరిపోవును. “మా నాయన ఇట్లుండడు” అని పిల్లలు బాధపడుదురు. గనుక ఇంటిలో ఒక మంచి కెమెరా ఉండుట విలాసమని మేము అనుకొనము. అయితే అది కష్టార్జితముతో కొనే వస్తువు. కొనకముందే కొన్ని సంగతులు తెలిసికొనుట మేలు.

ముందుగా అడుగవలసిన ప్రశ్న ఒకటున్నది. ఇంటిలో ఉన్న ఫోను చాలదా? చాలా ఇండ్లలో చాలును. కెమెరాలో బొమ్మను పట్టుకొనే చిన్న పలకను సెన్సర్ అందురు. తక్కువ ధర చిన్న కెమెరాలలో అది సుమారు 6 మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగున్నర మిల్లీమీటర్ల ఎత్తు మాత్రమే ఉండును. నేటి మధ్యరకము ఫోన్లలో అనేకమునకు ఇంతకంటె పెద్ద సెన్సర్ ఉన్నది. పైగా ఫోను వెంటవెంటనే తీసిన అనేక ఫొటోలను కలిపి ఒకటిగా చక్కబరచును. గనుక సాయంకాలపు మసక వెలుగులో చవక కెమెరా ఫోనుకంటె మంచి బొమ్మ ఇచ్చునని ఆశపడవద్దు.

మరి కెమెరా ఎందుకు? దూరమున ఉన్న ముఖమును దగ్గరకు తెచ్చుటకు. ఫోనులోని దీపముకంటె బలమైన ఫ్లాష్ కొరకు. పెద్దలు, పిల్లలు కూడ ఒక బొత్తాము నొక్కి ఫొటో తీయుటకు. ఇంకొక సంగతి ఉన్నది. ఫోను పట్టణములో పనిచేసే కుమారునితో వెళ్లిపోవును. కెమెరా ఇంటిలోనే ఉండును. ఇవి మీకు అవసరమైతే కొనండి, లేనిచో ఆ డబ్బు దాచుకొనండి.

కొనదలచినవారు నేటి బజారు సంగతి తెలిసికొనవలెను. 2010లో జపాను కంపెనీలు ప్రపంచమంతటికి పంపిన డిజిటల్ కెమెరాలు 12 కోట్లకు పైగా ఉండెను. 2023 నాటికి ఆ సంఖ్య 80 లక్షలకు లోపునకు పడిపోయినది. ఫోన్లు వచ్చినందున కంపెనీలు మొట్టమొదట విడిచిపెట్టినవి చవక కెమెరాలనే. కాసియో 2018లో చిన్న కెమెరాల వ్యాపారము చాలించినది. ఈ విధముగా మంచి కంపెనీల చవక సరుకు తగ్గిపోగా, ఆ ఖాళీలోనికి రెండు రకములు వచ్చినవి. ఒకటి పేరు తెలియని కొత్త కెమెరాలు, రెండవది వాడిన పాత కెమెరాలు. రెంటిలోను జాగ్రత్త అవసరము.

మొదటి రకపు పెట్టె మీద “48 మెగాపిక్సెల్”, “16 రెట్ల జూమ్” అని పెద్ద అక్షరములతో ఉండును. చాలావాటిలో లోపలి సెన్సర్ అంత బొమ్మ పట్టదు. ఉన్న చుక్కల నడుమ లేని చుక్కలను యంత్రమే కల్పించి లెక్క పెంచును. దీనిని తెలిసికొనుటకు సుళువైన గురుతు ఒకటున్నది. కెమెరా వేసి జూమ్ నొక్కి చూడండి. లెన్సు గొట్టము కదలకుండ తెర మీది బొమ్మ మాత్రమే పెద్దదగుచున్నదా? అయితే అది చాలామట్టుకు డిజిటల్ జూమ్, అనగా తీసిన బొమ్మను కత్తిరించి సాగదీయుట. లెన్సులోని అద్దములు కదిలి దూరపు వస్తువును దగ్గరకు తెచ్చునది ఆప్టికల్ జూమ్. పెట్టె మీద ఈ మాట ఉన్నదేమో చదివి, ఆ అంకెనే లెక్కలోనికి తీసికొనండి.

మెగాపిక్సెల్ అనగా పది లక్షల చుక్కలు. మనకు ఎన్ని కావలెను? ఆల్బములో అతికించే 4 అంగుళముల, 6 అంగుళముల ఫొటోను అంగుళమునకు 300 చుక్కల చొప్పున అచ్చు వేయుటకు 1200ను 1800తో హెచ్చించండి. 21 లక్షల 60 వేలు, అనగా సుమారు రెండు మెగాపిక్సెల్‌లు. గోడకు తగిలించే 8, 12 అంగుళముల ఫొటోకు తొమ్మిది మెగాపిక్సెల్‌లకు లోపే చాలును. 16 మెగాపిక్సెల్ కెమెరా ఏ పల్లె ఇంటికైనను సరిపోవును. ఆ పైన అంకె కొరకు చెల్లించునది వ్యర్థము. అదే డబ్బు సెన్సర్ మీద పెట్టగలిగితే ఫలముండును. ఒక అంగుళము సెన్సర్ అని పిలిచేది చిన్నదానికంటె నాలుగింతల విస్తీర్ణము గలది, అంతగా వెలుగును పట్టును. 2012లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్ 100 అట్టిది. అయితే ఇవి చవక ధరకు దొరకవు. వీటి కొరకు అప్పు చేయవద్దని మా సలహా.

తక్కువ ధరలో నిజమైన జూమ్ ఉన్నవాటికి ఉదాహరణగా కొడాక్ పిక్స్‌ప్రో ఎఫ్‌జెడ్ 55, ఎఫ్‌జెడ్ 45 చెప్పవచ్చును. రెండును 16 మెగాపిక్సెల్‌లే. మొదటిదానికి 5 రెట్ల, రెండవదానికి 4 రెట్ల ఆప్టికల్ జూమ్ ఉన్నది. పేరు చూచి పాత కొడాక్ అనుకొనవద్దు. ఆ సంస్థ 2012లో దివాలాకు దరఖాస్తు చేసి, డిజిటల్ కెమెరాల తయారీ మానుకొన్నది. ఆ పేరును వేరొక సంస్థ అనుమతితో వాడుకొనుచున్నది. ఎఫ్‌జెడ్ 45లో గోడగడియారములో వేసే సైజు సెల్లులు రెండు పట్టును. వాటిలో మరల చార్జి చేసికొనే రకము నాలుగు కొని, రెండు ఎల్లప్పుడు సిద్ధముగా ఉంచుకొంటే కరెంటు లేని రోజున కూడ పని ఆగదు.

ఇక వాడిన కెమెరాలు. తెలిసినవారి దగ్గర మంచిది దొరకవచ్చును. అయితే మూడు పరీక్షలు చేయనిదే డబ్బు ఇవ్వవద్దు. ఒకటి, వేసి ఆర్పి చూడండి. లెన్సు గరగరమనకుండ బయటికి వచ్చి లోపలికి పోవలెను. రెండు, తెల్లని గోడను ఫొటో తీయండి; మచ్చలు కనబడితే లోపల దుమ్ము చేరినది, దానిని ఇంట్లో తుడువలేము. మూడు, లెన్సును అరచేతితో మూసి తీసిన నల్లని ఫొటోను పెద్దది చేసి చూడండి. తెల్లని, ఎర్రని చుక్కలు చాలా ఉంటే సెన్సర్ చెడినది. బ్యాటరీ ఉబ్బియుంటే విడిచిపెట్టండి.

కార్డు సంగతి మరువవద్దు. పాత ఫూజీ, ఒలింపస్ కెమెరాలు అనేకము ఎక్స్‌డి కార్డు తీసికొనును. అవి ఇప్పుడు దొరకుట కష్టము. 2006కు ముందటి కెమెరాలలో చాలావాటికి రెండు జీబీకి మించిన ఎస్‌డి కార్డు పనిచేయదు. కెమెరాతోపాటు కార్డు, రెండవ బ్యాటరీ, సంచి ధర కూడ కూడుకొని మొత్తము చూచికొనండి. బిల్లు, వారంటీ కాగితము తీసికొనుట మరువవద్దు.

కొన్న తరువాత రెండు మాటలు. చిన్న ఫ్లాష్ వెలుగు మూడు నాలుగు మీటర్లకు మించి పోదు. వెనుక బల్ల దగ్గర నిలిచి తీస్తే వేదిక మీదివారు చీకటిలోనే ఉందురు. గనుక దగ్గరకు నడిచి వెళ్లండి. తెల్లచీర కట్టిన పెండ్లికుమార్తెను తీయునప్పుడు ఆ తెలుపంతయు చూచి కెమెరా వెలుగు ఎక్కువైనదని భ్రమపడును. బొమ్మను మసక చేయును, ముఖము నల్లబడును. కూడిక, తీసివేత గురుతులున్న బొత్తామునో, ఎక్స్‌పోజర్ అను మాటనో వెదికి, కూడిక వైపునకు కొద్దిగా జరపండి. మిట్టమధ్యాహ్నపు ఎండలో కండ్ల క్రింద నీడ పడును. చెట్టు నీడకు గాని అరుగు మీదికి గాని రమ్మనండి.

అన్నిటికంటె ముఖ్యమైనది భద్రపరచుట. కార్డులోనే వదిలేసిన ఫొటోలు ఒకనాడు కార్డుతోనే పోవును. పండుగ అయిన వారములోనే కంప్యూటరులో ఒక ప్రతి, పెన్‌డ్రైవులో మరొక ప్రతి ఉంచండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో కుదించబడి చిన్నదగును. తరువాత పెద్దది చేయగోరితే ముఖము చెదిరిపోవును. దూరపు బంధువులకు పంపునప్పుడు డాక్యుమెంటుగా పంపండి. ఏడాదికి ఒక పది ఫొటోలైనను స్టూడియోలో అచ్చు వేయించండి. కాగితము మీది బొమ్మకు చార్జి అక్కరలేదు, పాస్‌వర్డు అక్కరలేదు.

మన ఇండ్లలో ఫొటో తీసేవారు తీయుచునే ఉందురు. వంటలో ఉన్న తల్లి, పశువుల దగ్గర ఉన్న తాత ఆ ఫొటోలలో ఉండరు. పెండ్లి వరకు ఆగవద్దు. వచ్చే ఆదివారము మధ్యాహ్నము వారిని అరుగు మీద, నీడలో, రోజువారీ బట్టలతోనే కూర్చుండబెట్టి ముఖము నిండుగా ఒక ఫొటో తీయండి. కెమెరా ఇంకను కొనకపోతే ఫోనుతోనే తీయండి. అచ్చు వేయించి, వెనుక అంచున నొక్కకుండ పేరు, ఊరు, తేదీ వ్రాయండి. ముఖము మనము గురుతుపట్టగలము. పేరు వ్రాయనిచో మన మనుమలు గురుతుపట్టలేరు.