ఆమె హక్కు అతని వీసాకు తోక కాదు

పటమటలోనో గుడివాడలోనో అమెరికా సంబంధం కుదిరితే అబ్బాయి జీతం అడుగుతాం, ఇల్లు కొన్నాడా అని అడుగుతాం. పొలం అమ్మైనా కట్నం ముట్టజెబుతాం. ఒక్క ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు: రేపు వాళ్లిద్దరికీ పొసగకపోతే మన పిల్ల ఆ దేశంలో ఏ హక్కుతో ఉంటుంది? పెళ్లి మాటల్లో విడాకుల ఊసెత్తకూడదని నోరు మూసుకుంటాం. ఆ మౌనానికి మూల్యం చెల్లించేది ఆడపిల్లే.

హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాడి భార్యకు దక్కేది హెచ్‌-4 వీసా. భర్త హోదా పోతే ఆమెదీ పోతుంది. విడాకుల డిక్రీ వస్తే ఆ వీసా మీద ఆమెకు నిలబడే ఆధారమే ఉండదు. బీటెక్‌ చదివినా ఉద్యోగం చేసే వీలుండేది కాదు. 2015లో కొంత సడలించారు, అదీ భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటితేనే. చేతిలో సొంత డాలరు లేని మనిషి లాయరును ఎలా పెట్టుకుంటుంది?

ఇంతకంటే ఘోరం ఆ గ్రీన్‌కార్డు క్యూ. ఉద్యోగాల ద్వారా ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి పెట్టారు. అందుకే మనవాళ్లలో చాలామంది నిరీక్షణ పదేళ్లు దాటింది. ఆ పదేళ్లూ ఆమె కూడా ఎదురుచూసింది, చదివిన చదువు పక్కనపెట్టి సంసారం మోసింది. కార్డు మంజూరు కాకముందే విడాకులైతే క్యూలో ఆమె స్థానం రద్దవుతుంది, అతనిది చెక్కుచెదరదు. మంజూరైన మర్నాడు విడిపోతే మాత్రం ఆ కార్డు ఆమెదే. పదేళ్ల జీవితం ఒక్క తేదీ మీద వేలాడుతోంది. దీన్ని న్యాయమని నేను ఒప్పుకోను. అక్కడ పుట్టిన బిడ్డ అమెరికా పౌరుడు. తల్లి దేశం వదలాలి, కోర్టు అనుమతి లేకుండా బిడ్డను వెంట తెచ్చుకుంటే అపహరణ కేసులో ఇరుక్కునే ప్రమాదం!

‘నేను సంతకం పెట్టకపోతే నీ గ్రీన్‌కార్డు పోతుంది’ అని బెదిరించే మొగుళ్లున్నారు. అమెరికా పౌరుణ్ని పెళ్లాడి రెండేళ్ల షరతుల కార్డు పొందిన ఆడపిల్లలూ, వినండి: అది అబద్ధం. విడాకులైతే, పెళ్లి నిజాయితీగానే చేసుకున్నామని రుజువులు చూపి, షరతులు తీయించుకునే ఐ-751 దరఖాస్తు ఒంటరిగా పెట్టుకోవచ్చు. హింసించేవాడు పౌరుడో గ్రీన్‌కార్డుదారుడో అయితే 1994 నాటి మహిళలపై హింస నిరోధక చట్టం కింద అతనికి తెలియకుండానే సొంతంగా దరఖాస్తు చేసుకోవచ్చు. కొట్టినవాడు హెచ్‌-1బీ వాడైతే మాత్రం ఆ దారి లేదు, పని అనుమతి మాత్రం అడగవచ్చు. దెబ్బ ఒకటే, రక్షణ మాత్రం కొట్టినవాడి వీసాను బట్టి! కెనడా 2017లో భార్యాభర్తలు రెండేళ్లు కలిసి ఉండాలన్న షరతు ఎత్తేసింది. బ్రిటన్‌లో భాగస్వామి వీసా మీదున్న స్త్రీ గృహహింస వల్ల విడిపోతే శాశ్వత నివాసం తానే అడగవచ్చు. అమెరికాకు చేతకాక కాదు, మనసు లేక.

మన సర్కారు మాటేమిటి? తిరుపతిలో 1975లో పెళ్లాడినవాడు మిస్సోరిలో విడాకులు తెచ్చుకుంటే, అవి ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. గొప్ప తీర్పే. కానీ ఇక్కడ భార్యగా మిగిలిన స్త్రీకి అక్కడ వీసా మిగలదు. 2019 ఫిబ్రవరిలో సుష్మా స్వరాజ్‌ రాజ్యసభలో పెట్టిన ప్రవాస వివాహాల రిజిస్ట్రేషన్‌ బిల్లు చట్టం కాలేదు. 2024 ఫిబ్రవరిలో లా కమిషన్‌ సమగ్ర చట్టం కావాలంది. మన కృష్ణా డెల్టా ఎంపీల్లారా, ఇన్ని గడపల్లో అమెరికా అల్లుళ్లున్న నేల మీద ఓట్లడిగిన మీరు ఆ చట్టం కోసం సభలో గొంతెత్తరా?

తల్లిదండ్రులారా, పెళ్లి రిజిస్టరు చేయించకుండా పిల్లను విమానం ఎక్కించకండి. అబ్బాయి వీసా ఏమిటో, గ్రీన్‌కార్డు ఏ దశలో ఉందో నిశ్చితార్థానికి ముందే కాగితాలు చూడండి. ఆమె పాస్‌పోర్టు, ఐ-94, పెళ్లి పత్రం నకళ్లు మీ దగ్గరా ఒక జత ఉంచుకోండి. కట్నం ఇవ్వకండి, ఆ డబ్బుతో ఆమెను అక్కడ చదివించండి. ఏ రాత్రయినా ఫోన్‌ చేసి ‘నాన్నా, వచ్చేస్తాను’ అంటే ‘సర్దుకుపో తల్లీ’ అనకండి. టిక్కెట్టు కొని పంపండి.