వంత పాడినవారి పేరేది?

మా తలుపులలో గడచిన వేసవియందు నలుగురు పడుచువాండ్రు కూడి 8 పాటల హిప్‌హాప్ ఆల్బము నొకదానిని సిద్ధపఱచిరి. ఏ కంపెనీవారును వారికి ధనమీయలేదు. ఒక ఫోను, అద్దెకు దెచ్చిన మైకు, చప్పుడు చొరకుండ దుప్పట్లు వ్రేలాడదీసిన గది. ఇంతియే వారి సాధనసంపత్తి. పాడినవారు, పదములు కట్టినవారు, దప్పు వాయించినవారు, అన్నియు కలిపి దిద్దినవారు లెక్కింపగా 15 మంది తేలిరి. వారిలో నొక వృద్ధురాలు కలదు. వేరుసెనగ చేలలో కలుపు తీయుచు చిన్ననాటినుండి పాడుకొన్న పదమునే ఆమె మైకు ముందు పాడినది. ఆ యాల్బమున జనులు మరల మరల వినునది ఆ పాటయే. కాని పైన నున్నది ఒక్క యువకుని పేరు, ఒక్క యువకుని బొమ్మ. మనుమరాలు ఫోనంతయు వెదకి, ‘అవ్వా, నీ పేరు లేదే!’ యనగా, ఆమె ‘మన పేరు ఎవురికి కావల్లమ్మా’ యనెనట. ఇది వినయమని మెచ్చుకొనువారితోనే నాకు పోరు.

ముందుగా మన గృహస్థుల మాట. హిప్‌హాప్ అనగానే చదువుకొన్న మనవారు చెవులు మూసికొందురు. అది పరదేశపు గోల యట, వీధిభాష యట. మాటను లయకు కట్టి సూటిగా మందలించుట మనకు పరదేశవిద్యయా? కదిరికి చేరువనే కటారుపల్లెలో వేమన సమాధి యున్నది. ఆయన మాటయు పండితులలో పలువురికి మోటుగనే తోచినది. 1829లో దానిని అచ్చువేయించుటకు బ్రౌను దొర రావలసివచ్చెను. ఆ తప్పును మరల నేల చేయవలెను? నచ్చకున్న విని విమర్శింపుడు. వినకయే తీర్పు చెప్పువారితో వాదింప నాకు తీరిక లేదు.

నా యసలు తగవు ఆ పడుచువాండ్రతోనే. ‘ఇది మా స్వతంత్రసృష్టి’ యని వారు చాటుకొనుచున్నారు. ఎవరినుండి స్వతంత్రము? కంపెనీ యజమాని లేచిపోయి ఆ పీటపై పేరుగల గాయకుడు కూర్చుండినచో, వంత పాడినవారికి మాఱినదేమి?

వారు గురుపీఠముగా తలచు అమెరికా చరిత్రమునే చూతము. 1973 ఆగస్టు 11వ తేదీన న్యూయార్కు నగరమునందలి బ్రాంక్స్‌లో జరిగిన యొక పార్టీ హిప్‌హాప్ పుట్టినరోజుగా పేరుగాంచినది. రికార్డులు త్రిప్పిన కూల్ హెర్క్ పేరు లోకమంతయు నెఱుగును. ఆ పార్టీ నేర్పఱచినది ఆతని చెల్లెలు సిండీ క్యాంప్‌బెల్. బడి తెఱచునాటికి క్రొత్తబట్టలు కొనుటకై ఆమె ఆడువారికి 25 సెంట్లు, మగవారికి 50 సెంట్లు రుసుము పెట్టి జనమును పిలిచినది. మైకు పట్టి మాటలు విసరినవాడు కోక్ లా రాక్. ఈ ఇరువురి పేర్లు మన కుఱ్ఱవాండ్రలో నెందఱికి తెలియును? పుట్టిననాడే పట్టిన మఱపు ఇది.

దానిని దిద్దుకొన్నవారును లేకపోలేదు. 2012 అక్టోబరులో మాక్లమోర్, రయన్ లూయిస్ అను ఇరువురు ‘ది హైస్ట్’ అను ఆల్బమును తమ సొంతముగా వెలువరించిరి. (రేడియోల కెక్కించు పనికి ఒక పెద్ద కంపెనీ సాయము గొనిరి గనుక ఆ స్వాతంత్ర్యము కొంత కల్తీదే, అది వేఱు మాట.) 2014లో దానికి గ్రామీ బహుమానము వచ్చినది. అందు పల్లవులు పాడిన వాంజ్, రే డాల్టన్, మేరీ లాంబర్ట్ మున్నగువారి పేర్లు పాటల పేర్ల ప్రక్కనే కలవు. ‘సేమ్ లవ్’ అను పాటకు పల్లవి కట్టి పాడిన మేరీ లాంబర్ట్, ఆ పల్లవినే పెంచి 2013లో తన సొంతపాటగా వెలువరించుకొన్నది. అంతకుముందే జనులకు ఆమె పేరు తెలిసియుండుట ఎంత మేలు చేసెనో వేఱుగా చెప్పవలెనా?

అంతదూర మేల? 2021లో తమిళమున మాఱుమ్రోగిన ‘ఎంజాయ్ ఎంజామి’ పాటను వ్రాసి, తానును గొంతు కలిపినవాడు అరివు. కూలి చేసి బ్రతికిన తన అవ్వ కథయే దానికి మూలమని ఆతడు చెప్పెను. ఆ యేటనే ఒక సంగీతపత్రిక ముఖచిత్రమున ఆతడు లేకుండుట చూచి పలువురు నిలదీసిరి. పిదప ఆ పత్రిక ఆతని బొమ్మతో మఱొక ముఖచిత్రమును వెలువరించినది. మన యింటనో? బుఱ్ఱకథలో కథకుని కిరుప్రక్కల నిలిచి యొకరు హాస్యమును, ఒకరు రాజకీయమును నడపకున్న కథయే సాగదు. నాజరుగారి పేరు నేడును తలతుము. ఆయన వంతల పేర్లు చెప్పుడనిన నోరు మెదపము.

‘పైసా రాలేదు, పంచునదేమి?’ యని ఆ కుఱ్ఱవాండ్రు నన్నడిగిరి. పేరు పెట్టుటకు పైసా యక్కఱలేదు. పాటను లోకమునకు విడుదల చేయునపుడు వ్రాసినవారు, పాడినవారు, వాయించినవారు అని వేఱువేఱు గడులుండును. వానిని ఖాళీగా వదలినది వీరి చేయియే. మన కాపీరైటు చట్టమునకు 2012లో జరిగిన సవరణ, పాడినవారికి తమ పేరుతో గుర్తింపబడు హక్కును, పదము వ్రాసినవారికి రాయల్టీలో సమభాగ మడుగు హక్కును ఇచ్చినది. ఆ పాట కొఱకు అవ్వ కాయలొలుచు కూలి రెండుదినములు మానుకొన్నది. ఆ లెక్క ఎవరి పుస్తకములో నున్నది?

రికార్డింగునకు ముందే ఎవరు పాడుదురు, ఎవరు వాయింతురు, వచ్చినదానిలో నెవరికెంత యని ఒక కాగితముపై వ్రాసి, చదువు రానివారికి చదివి వినిపింపవలెను. ఆ సమయమున మనుమరాలిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనిన మఱియు మేలు. విడుదలైన ఆల్బమునకు పేర్లు చేర్చుటయు కష్టము గాదు. ఈ సంగతి చెప్పగా ఆ యువకుడు, ‘రెండవ ఆల్బములో తప్పక వేయుదుము’ అనెను. అవ్వకు 78 ఏండ్లు.