మొక్కుకి లేని మోకాళ్ల నొప్పి

మా అక్కకి నలభై తొమ్మిదేళ్లు. వాళ్లమ్మాయి ఇటలీలోని టురిన్‌లో చదువుకుని అక్కడే ఉద్యోగంలో కుదురుకుంది. ఈ చలికాలం అమ్మకి టికెట్ కొని రమ్మంది. వచ్చాక మోంటే రోసా పర్వతం కింద అలాన్యా అనే చిన్న ఊరికి తీసుకెళ్లి, నాలుగు రోజులు స్కీయింగ్ నేర్పిస్తానంది. టికెట్ అనగానే ఇంట్లో అందరూ సంబరపడ్డారు. స్కీయింగ్ అనగానే మౌలాలిలో పంచాయితీ మొదలైంది.

తీర్పు ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. "వెళ్లు. పిల్లకి రెండు నెలలు వండిపెట్టు. ఆవకాయ, కందిపొడి పట్టుకెళ్లు. మంచు కనిపిస్తే ఒక ఫొటో దిగు. ఈ వయసులో కాళ్లకి ఆ బద్దలు కట్టుకుని జారడం దేనికి?" బావగారి నుంచి మా అక్క అత్తగారి దాకా అందరిదీ ఒకటే మాట. అక్క ఇంకా ఏమీ తేల్చుకోలేదు. ఆమె తరఫున మాట్లాడమని నన్నెవరూ అడగలేదు. అయినా మాట్లాడతాను. ఎందుకంటే ఈ తీర్పు ఒక్క మా అక్కకే ఇచ్చింది కాదు.

మొదటి అభ్యంతరం మోకాళ్లు. "నీకసలే మోకాళ్ల నొప్పులు" అన్నారు. ఇదే అక్క పోయినేడు అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కింది. మెట్టు మెట్టుకీ వంగి పసుపు రాసి బొట్టు పెట్టింది. వంగడం, లేవడం, మళ్లీ ఎక్కడం. ఆ రోజు ఎవరికీ ఆమె మోకాళ్లు గుర్తు రాలేదు. మా మౌలాలి గుట్ట మీది దర్గాకి నాలుగు వందలకు పైగా మెట్లున్నాయి. చంకలో బిడ్డనేసుకుని ఎక్కే తల్లుల్ని ఎవరూ ఆపరు. ఆషాఢంలో బోనం నెత్తిన పెట్టుకుని గంటలకొద్దీ నడిచే ఆడవాళ్లని వయసెంతని ఎవరూ అడగరు. అంతెందుకు, గ్యాస్ సిలిండర్ వరండాలోంచి వంటింట్లోకి జరపాల్సి వచ్చినప్పుడు కూడా ఆ మోకాళ్లే పనికొస్తాయి.

నేను మొక్కులకి వ్యతిరేకిని కాదు, నాకూ ఉన్నాయి. నేనడిగేది ఒక్కటే. మన ఒంట్లోని బలం దేవుడి పేరు మీదో, ఇంటి పేరు మీదో ఖర్చయితే ఓపిక అంటారు, పుణ్యం అంటారు. అదే బలాన్ని మన సరదా కోసం ఒక్క పూట వాడుకుంటామంటే వయసు గుర్తొస్తుంది. మొక్కుకి లేని మోకాళ్ల నొప్పి సరదాకి ఎక్కడి నుంచి వస్తుంది?

స్కీయింగ్‌లో మోకాలికి దెబ్బ తగలదని నేననను. ఎక్కువగా దెబ్బతినే కీలు అదే. ఆ సంగతి తెలుసు కాబట్టే, పడినప్పుడు బూటు నుంచి స్కీ ఊడిపోయేలా ఒక బిగింపు పెట్టారు. అద్దెకిచ్చే దుకాణంలో మన బరువు, ఎత్తు, వయసు, అనుభవం అడిగి దాన్ని సరిచేస్తారు. అక్కడ మాత్రం బరువూ వయసూ ఉన్నవున్నట్టు చెప్పాలి, మన అలవాటు కొద్దీ తగ్గిస్తే కాలికే నష్టం. వెళ్లే ముందు డాక్టరుకి చూపించుకుని, రెండు నెలలు తొడల బలానికి వ్యాయామం చేయాలి. ఇది సలహా. "నీకెందుకు" అన్నది సలహా కాదు.

రెండో అభ్యంతరం, "పడితే నవ్వులపాలవుతావు." స్కీయింగ్‌లో మొదటి పాఠమే పడడం. పక్కకి ఎలా ఒరగాలి, పడ్డాక స్కీలని వాలుకి అడ్డంగా తిప్పుకుని ఎలా లేవాలి, ముందు ఇదే నేర్పుతారు. పడకుండా నేర్చుకున్నవాళ్లు ఎవరూ ఉండరు. మనకో సామెత ఉంది, పడ్డవాడు చెడ్డవాడు కాడు అని. డిగ్రీలో తెలుగు చదివిన దాన్ని కాబట్టి నాకు ఆ 'వాడు' దగ్గర మనసు ఆగిపోతుంది. పడడం అనే అర్థమున్న సంస్కృత ధాతువు నుంచే 'పతిత' వచ్చింది. మగవాడు పడితే సామెత చెప్పి లేపుతాం. ఆడది పడితే ఆ పడడమే ఆమె పేరైపోతుంది. అందుకే మనకి చిన్నప్పటి నుంచీ పడకుండా నడవడం నేర్పారు. సైకిల్ నుంచి పడతావు దిగు, చెట్టు మీంచి పడతావు దిగు. దిగి దిగి నలభై దాటాం. నలుగురిలో కింద పడి, మంచు దులుపుకుని, నవ్వుకుంటూ లేచే హక్కు నలభై తొమ్మిదేళ్లకైనా వద్దా?

మూడోది అన్నిటికన్నా పెద్ద అభ్యంతరం. "కాలు విరిగితే ఎవరు చూస్తారు?" ఈ ప్రశ్నని కాస్త నిదానంగా వినండి. అక్కని ఎవరు చూస్తారు అని కాదు దాని అర్థం. మమ్మల్ని ఎవరు చూస్తారు అని. అత్తగారి మందులు ఎవరు అందిస్తారు, పొద్దున్నే టిఫిన్ ఎవరు చేస్తారు, పనిమనిషి రాకపోతే గిన్నెలు ఎవరు తోముతారు అని. మా మరో బంధువుల అబ్బాయి మోటార్ సైకిల్ మీద లడాఖ్ వెళ్లాడు. గాలి పలచబడే ఎత్తు, ఒక పక్క లోయ. అతని కాలు విరిగితే ఎవరు చూస్తారని ఒక్కరూ అడగలేదు. ఎందుకంటే సమాధానం అందరికీ తెలుసు. వాళ్లమ్మ చూస్తుంది. అమ్మ కాలు విరిగితే ఎవరు చూస్తారో తెలియని ఇల్లు, ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. ఆమె ప్రయాణం మానుకుంటే ఆ లోటు తీరదు. బాత్‌రూమ్‌లో జారినా కాలు విరుగుతుంది.

ఇక డబ్బు. స్కీయింగ్ పేదల ఆట కాదు. బూట్లు, స్కీలు, హెల్మెట్ అద్దె, లిఫ్ట్ పాస్, నేర్పేవాళ్ల రుసుము, బీమా, అన్నీ కలిపితే మన మధ్యతరగతి లెక్కకి బరువే. అందరూ అప్పు చేసి ఆల్ప్స్‌కి వెళ్లండని నేను చెప్పడం లేదు. కానీ ఇక్కడ ఖర్చు పెడుతున్నది కూతురు, తన సంపాదనతో. అయినా డబ్బు మాట వచ్చింది. అబ్బాయి లడాఖ్ ప్రయాణానికి బండికి కొత్త టైర్లు వేయించిన తండ్రి డబ్బు మాట ఎత్తలేదు. లెక్క రూపాయల్లో తేడా లేదు, ఎవరి మీద పెడుతున్నాం అన్నదాంట్లో ఉంది.

అసలు ఆ ఊరి సంగతి కాస్త చెప్పాలి. మనవాళ్లకి ఆల్ప్స్ అంటే స్విట్జర్లాండ్, టిట్లిస్, యుంగ్‌ఫ్రావు. సినిమా పాటల పుణ్యం. అలాన్యా పేరు మన టూర్ ప్యాకేజీల్లో కనిపించదు. వల్సేసియా లోయ చివర సుమారు 1,200 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. వాల్సర్ అనే జర్మన్ మాట్లాడే జనం కొన్ని వందల ఏళ్ల కిందట కొండ దాటి వచ్చి స్థిరపడ్డారు. వాళ్లు కట్టుకున్న చెక్క ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. గోడలకి గచ్చుపని చేయడంలో ఆ ఊరి మగవాళ్లు సిద్ధహస్తులు. ఆ పని కోసం నెలల తరబడి వలస పోతే, పొలం, పశువులు, గడ్డివాములు, ఏటవాలు కొండ మీద ఇల్లు, అన్నీ ఆడవాళ్లే నడిపారు. ఆ కొండని మోకాళ్ల నొప్పి పేరుతో ఎవరూ వాళ్లకి నిషేధించినట్టు లేదు.

ఊరి నుంచి కేబుల్ కార్లు ఎక్కితే దాదాపు 3,000 మీటర్ల దాకా, ఇంకో లిఫ్టుతో పుంతా ఇంద్రెన్ దగ్గర 3,275 మీటర్ల దాకా వెళ్లొచ్చు. అక్కడికి జనం వచ్చేది యంత్రాలతో చదును చేసి, గుర్తులు పెట్టిన దారుల కోసం కాదు. ఆ దారుల్ని పిస్ట్ అంటారు. వాటి బయట, ఎవరూ తొక్కని పొడి మంచులో జారడానికి వస్తారు. పొడి మంచంటే మనకి బియ్యప్పిండితో చెప్పుకుంటే తేలిక. అరిసెలకి పట్టించిన తడి పిండిని పిడికిట్లో నొక్కితే ముద్ద కడుతుంది. ఎండబెట్టిన పిండి వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. బాగా చలిలో కొత్తగా కురిసిన మంచు ఆ రెండో రకం.

అక్కకి అక్కడ పని లేదు. ఆమె ఊరి దగ్గరే కొత్తవాళ్లూ పిల్లలూ నేర్చుకునే చిన్న వాలు మీద ఉంటుంది. పై కొండకి వెళ్లేది వాళ్లమ్మాయి. ఆ పిల్ల మీద కూడా పంచాయితీ నడిచింది. "ఆడపిల్ల, అంత ఎత్తున, దారి కాని దారిలో" అని.

ఇక్కడ నేను ఆ పిల్ల తరఫున గుడ్డిగా వాదించను. పిస్ట్ బయట ప్రమాదం నిజం. పాత మంచు మీద కొత్త మంచు పొరలు పొరలుగా పేరుకుంటుంది. మధ్యలో ఒక పొర బలహీనంగా ఉంటే, మనిషి బరువుకి పై పలక మొత్తం తెగి జారుతుంది. ముప్పై డిగ్రీలు దాటిన వాలుల మీద ఈ భయం ఎక్కువ. మంచుచరియ కింద కూరుకుపోయిన మనిషిని మొదటి పది పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే బతికే అవకాశం చాలా ఎక్కువ, అరగంట దాటితే బాగా తగ్గిపోతుంది. అంటే హెలికాప్టర్ వచ్చేదాకా ఆగే వ్యవధి ఉండదు. పక్కనున్న స్నేహితులే తవ్వాలి. అందుకే ఇటలీలో 2022 జనవరి 1 నుంచి, మంచుచరియల ప్రమాదం ఉన్న చోట పిస్ట్ దాటే వాళ్ల దగ్గర మూడు వస్తువులు ఉండాలని చట్టం చేశారు. సంకేతం పంపే చిన్న పరికరం, మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ, తవ్వడానికి పార. అదే చట్టంతో, పిస్టుల మీద జారే వాళ్లకి కూడా ఎదుటివాళ్లకి దెబ్బ తగిలితే పనికొచ్చే బీమా తప్పనిసరి అయింది.

కాబట్టి పిల్లని అడగాల్సిన ప్రశ్నలు ఉన్నాయి. ఆ మూడూ ఉన్నాయా? వాడడం సాధన చేశావా? ఎవరితో వెళ్తున్నావు, వాళ్లకి తవ్వడం వచ్చా? కొండ తెలిసిన గైడ్ ఉన్నారా? ఒకటి నుంచి ఐదు దాకా ఇచ్చే ప్రమాద సూచిక ఆ రోజు ఎంత ఉంది? బాగాలేదంటే వెనక్కి వచ్చేస్తావా? ప్రేమ ఉన్న ఇల్లు ఇవి అడుగుతుంది. కొడుకునైనా ఇవే అడగాలి. మనవాళ్లు ఇవేవీ అడగలేదు. "ఆడపిల్లవి" అన్నారు. మంచుచరియకి ఆడా మగా తేడా తెలియదు. భయపడాల్సిన దానికి భయపడకుండా, అక్కర్లేని దానికి భయపడే ఈ పద్ధతి వల్ల పిల్లలు చెప్పడం మానేస్తారు. రేపు ఆ పిల్ల చెప్పకుండా వెళ్తుంది. అప్పుడు ఎవరం ఏ జాగ్రత్తా చెప్పలేం.

"మన ఇళ్లల్లో ఆడవాళ్లు ఇలాంటివి చేయలేదు" అని కూడా అన్నారు. ఎవరు చెప్పారు? ఈ మాట అన్నవాళ్ల ఇంటికి దగ్గరలోనే, మౌలాలి గుట్ట కింద, మాహ్ లఖా బాయి సమాధి ఉంది. ఉర్దూలో దీవాన్ రాసిన తొలి కవయిత్రుల్లో ఒకరు, 1824లో పోయింది. గుర్రపు స్వారీ, విలువిద్య నేర్చి, మగవేషంలో నిజాంతో పాటు యుద్ధాలకి వెళ్లిన మనిషి. మన పక్కనే పడుకుని ఉంది, మనం బస్సు దిగి కూరగాయల సంచీతో అటు చూడకుండా పోతాం.

2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల, కూలి చేసుకునే తల్లిదండ్రులు, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువు. ఆమె మొదట రాళ్లెక్కడం నేర్చింది మన భువనగిరి గుట్ట మీద. ఆమె ఫొటో పెట్టి "మన తెలుగు బిడ్డ" అని వాట్సాప్‌లో పంచుకున్న వాళ్లలో మా అక్క ఇంటివాళ్లూ ఉన్నారు. ఎవరింటి బిడ్డో ఎక్కితే గర్వం, మనింటి బిడ్డ ఎక్కుతానంటే గండం.

బిడ్డలు సరే, తల్లులకెందుకంటారా? ఎవరెస్ట్ ఎక్కిన తొలి మహిళ జపాన్‌కి చెందిన జుంకో తబెయ్. 1975 మే 16న ఎక్కేనాటికి ఆమెకి ముప్పై ఐదేళ్లు, ఇంట్లో చిన్న కూతురు. ఆ ప్రయాణానికి డబ్బు కోసం తిరుగుతుంటే, ఇంట్లో పిల్లల్ని పెంచుకోక ఎందుకిది అన్నారట. శిఖరం చేరడానికి పన్నెండు రోజుల ముందు మంచుచరియ ఆమె గుడారాన్ని కప్పేసింది. షెర్పాలు లాగి బయటపడేశారు. ఆమె ఆగలేదు. మన ఇళ్లల్లో విన్న మాటే జపాన్‌లోనూ విన్నదన్నమాట.

నేను అక్కని ఎవరెస్ట్ ఎక్కమనడం లేదు. పిల్లలు నేర్చుకునే వాలు మీద నాలుగు రోజులు పడి లేవమంటున్నాను. దానికి కూడా ఇంత పంచాయితీ జరిగిందంటే, గొడవ మంచుతో కాదు.

గుల్మార్గ్‌కో మనాలికో వెళ్లొచ్చిన మన ఫొటోలు ఒకసారి తీసి చూడండి. అద్దె కోట్లు, గమ్‌బూట్లు వేసుకున్న ఆడవాళ్లు ఒక వరసలో నిలబడి ఉంటారు. చేతుల్లో పిల్లల జాకెట్లు, మగవాళ్ల పర్సులు, మంచినీళ్ల సీసా, పులిహోర డబ్బా. జారేది వాళ్లు, సామాను కాసేది మనం. వేల రూపాయలు పోసి మంచు దాకా వెళ్లి, వంటింటి గడప దాటకుండా తిరిగొస్తాం.

ఈసారి ఎక్కడికి వెళ్లినా, లంబసింగి పొగమంచులోకైనా, ఆల్ప్స్‌కైనా, ఆ సంచులు కాసేపు ఇంకొకళ్ల చేతికివ్వండి. "మీరు పట్టుకోండి, నేను వెళ్లొస్తా" అనండి. అలవాటు లేక ముందు వింతగా చూస్తారు. చూడనివ్వండి. సంచీ పట్టుకోవడానికి ఎవరికీ మోకాళ్ల నొప్పి అడ్డం రాదు.