చైతన్యరథం నడిపిన చేతులు

మొన్న సాయంత్రం చెల్పూరులో బస్సు దిగి టీ తాగుతున్నాను. సినిమా పత్రికలకు రాస్తానని ఎవరు చెప్పారో, ముగ్గురు కుర్రాళ్లు పట్టుకున్నారు. "అన్నా, హిందోళ్లకు కపూర్ల ఖాందాన్ ఉన్నది. మన దిక్కు సినిమాల, రాజకీయాల గట్ల తరాలకు తరాలు ఉన్నదెవరే?"

మీరైతే ఏం చెబుతారు? నందమూరి వారి పేరే కదా! పృథ్వీరాజ్ కపూర్ 1952లో రాజ్యసభకు వెళ్లారు గాని, కొడుకులు సినిమానే నమ్ముకున్నారు. సునీల్ దత్ గారిల్లు అలా కాదు. నర్గీస్ రాజ్యసభలో, ఆయన లోక్‌సభలో, తర్వాత కూతురు ప్రియ. 1987లో శాంతి కోసం బొంబాయి నుంచి అమృత్‌సర్ దాకా కాలినడకన పోయారాయన.

మన అన్నగారు నడవలేదు, రథమెక్కారు. 1982 మార్చి 29న తెలుగుదేశం పెట్టి, పాత షెవర్లే వ్యాను మీద ఊరూరా తిరిగి, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. ఈ కథ మీ తాతలు చెప్పే ఉంటారు. వ్యాను పైన నిలబడ్డ మనిషి ఫొటో అందరూ చూశారు. లోపల స్టీరింగ్ పట్టుకున్నాయన ఎందరికి గుర్తు?

హరికృష్ణ. అప్పటికి పాతికేళ్లు. 1967లో 'శ్రీకృష్ణావతారం'లో చిన్నికృష్ణుడిగా తెరకెక్కిన పిల్లవాడే. తమ్ముడు బాలకృష్ణ హీరోగా నిలదొక్కుకుంటే ఈయన డ్రైవరు సీట్లో కూర్చున్నారు. తర్వాత మంత్రి అయ్యారు, అదీ రవాణా శాఖకే! 1999లో సొంత పార్టీ పెట్టి ఓడారు. నలభై దాటాక మళ్లీ సినిమాల్లోకొచ్చి 2003లో 'సీతయ్య'గా హాళ్లలో ఈలలు వేయించుకున్నారు. నన్నడిగితే ఆ ఇంట్లో ఓట్లకోసం గాని, టిక్కెట్లకోసం గాని నటించడం చేతకాని మనిషి ఆయనొక్కరే. మీరు కాదంటే ఉత్తరం రాయండి.

కాని ఆ కుటుంబానికి రోడ్డు అచ్చిరాలేదు. 2009 మార్చిలో ఎన్నికల ప్రచారం ముగించుకుని వస్తూ జూనియర్ ఎన్.టి.ఆర్. సూర్యాపేట దగ్గర ప్రమాదంలో గాయపడ్డారు. 2014 డిసెంబరు 6న హరికృష్ణ పెద్దకొడుకు జానకిరామ్ మునగాల దగ్గర పోయారు. 2018 ఆగస్టు 29న హరికృష్ణే పోయారు, అన్నెపర్తి దగ్గర. నెల్లూరు జిల్లాలో ఒక అభిమాని ఇంటి పెళ్లికి తెల్లవారుజామునే తానే కారు నడుపుకుంటూ బయల్దేరారు. మూడు ప్రమాదాలూ పాత నల్గొండ జిల్లాలోనే.

జూనియర్ ప్రతి సభలోనూ చివర అభిమానులను జాగ్రత్తగా ఇళ్లకు వెళ్లండని వేడుకుంటారు, గమనించారా? చాలామంది అప్పటికే కేకలేస్తూ బళ్లు స్టార్ట్ చేస్తుంటారు. తాత ఓట్లడిగారు, బాబాయి అడిగారు. మనవడు మనల్ని అడిగేది ఇదొక్కటే.

ఇదంతా చెబితే కుర్రాళ్లు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకడు గడియారం చూసి, "సెకండ్ షోకు టైమైంది పా" అన్నాడు. ముగ్గురికీ ఒకటే బండి. నెత్తిన హెల్మెట్ లేదు. ఇది పవర్ ప్లాంటు ఊరు, రోడ్డు నిండా బొగ్గు లారీలు.

"తమ్మీ, ఇప్పటిదాకా నేను చెప్పిందేంది?"

"మెల్లగనే పోతమన్నా!"

భూపాలపల్లి వైపు రెండు లారీల మధ్య దూరిపోయారు. బండికి వెనక లైటు వెలగడం లేదు.