సంతకం సాక్ష్యం కాదు

వాస్తు సిద్ధాంతి చెప్పే ఈశాన్యం మూలను ప్రశ్నించే మనం, ఇంజనీరు ముద్ర ఉన్న కాగితాన్ని మాత్రం ప్రశ్నించం. ముద్ర ఉంటే సైన్సు అనుకుంటాం. ఆ ముద్రకు డబ్బిచ్చింది ఎవరు? హేతువాది మొదట అడగాల్సింది ఇదే.

ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రంలో 1998 నుంచి భవనాల సర్టిఫికెట్ల పనిని ప్రైవేటు సర్టిఫయర్లకూ ఇచ్చారు. అంతకు ముందు అది స్థానిక కౌన్సిళ్ల పని. పని తొందరగా అవుతుందన్నారు. కానీ సర్టిఫయరుకు ఫీజు వచ్చేది కట్టించేవాడి జేబులోంచే. కఠినంగా ఉంటే తర్వాతి ప్రాజెక్టు ఇంకొకరికి పోతుంది. 2018 డిసెంబరు 24న సిడ్నీలో 36 అంతస్తుల ఓపల్ టవర్‌లో పగుళ్లు కనిపించి జనాన్ని ఖాళీ చేయించారు. వాళ్లు కాపురానికి వచ్చి ఏడాది కూడా కాలేదు. లోపం డిజైన్‌లోనూ, నిర్మాణంలోనూ ఉందని నిపుణులు తేల్చారు. అన్ని చేతులు దాటినా దాన్ని పట్టుకున్న చెయ్యి ఒక్కటీ లేదు.

నేను రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసి రిటైరైనవాణ్ణి. అక్కడ కాంట్రాక్టరు బిల్లు పరిశీలించేవాడికి కాంట్రాక్టరు జీతమివ్వడు. ఇది అర్థం కావడానికి బి.కాం. చదవక్కర్లేదు. ఏటా ఆడిటర్ల సంతకాలున్న లెక్కలు ఎంత బూటకమో 2009లో సత్యం కంపెనీ వ్యవహారంలో హైదరాబాదు చూసింది.

అలాగని "అంతా ప్రభుత్వానికే అప్పగించండి" అనడం మరో మూఢనమ్మకం. లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ మరమ్మతులను తనిఖీ చేసి 2016లో సర్టిఫికెట్ ఇచ్చింది ప్రైవేటువాళ్లు కాదు, స్థానిక కౌన్సిలే. 2017 జూన్ 14న ఆ భవనం తగలబడి 72 మంది చనిపోయారు. 2024లో వచ్చిన విచారణ నివేదిక కౌన్సిల్ తనిఖీనీ తప్పుపట్టింది, ప్రైవేటు తనిఖీదార్లకున్న వ్యాపార ప్రయోజనాన్నీ ఎత్తిచూపింది. కాబట్టి తనిఖీ చేసేవాడు ఎవరైనా, అతన్ని తనిఖీ చేసేవాడొకడు ఉండాలి.

న్యూసౌత్‌వేల్స్ 2020లో ఆ దారి పట్టింది. జనం చేరకముందే ప్రభుత్వ అధికారులు అపార్ట్‌మెంట్‌లోకి వెళ్లి చూసి, లోపముంటే ఆక్యుపేషన్ సర్టిఫికెట్ ఆపించే అధికారం చట్టంలో పెట్టారు.

మనకెందుకంటారా? తెలంగాణ 2020 చట్టం 500 చదరపు మీటర్ల లోపు స్థలాల్లో కట్టే ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీదే వెంటనే అనుమతినిచ్చింది. లంచాల బెడద తగ్గితే మంచిదే. కానీ నమ్మకం మీద అనుమతి ఇచ్చినప్పుడు తర్వాతి తనిఖీ గట్టిగా ఉండాలి. తనిఖీదారును బిల్డరు ఎంచుకోకూడదు, లాటరీలో తేలాలి. ఫీజు ప్రభుత్వ ఖాతాలో పడాలి. ఇచ్చిన సర్టిఫికెట్లలో కొన్నింటిని చెప్పకుండా వెళ్లి మళ్లీ పరీక్షించాలి. నివేదికలు కొనేవాళ్లు చదివేలా బయట పెట్టాలి.

ఫ్లాటు కొనేటప్పుడు ముహూర్తం అడిగేవాళ్లు ఎందరో. పునాది రిపోర్టు చూపించమని అడిగేవాళ్లు ఎందరు?