అడవి బాటకు సిమెంటు వద్దు

నగరాన్ని ఆనుకొని అడవి ఉండడం అరుదైన భాగ్యం. విశాఖపట్నానికి ఆ భాగ్యం దక్కింది. జాతీయ రహదారికి ఒక ప్రక్క జంతుప్రదర్శనశాల, మరొక ప్రక్క కంబాలకొండ. దాదాపు 70 చదరపు కిలోమీటర్ల అభయారణ్యమది. ఒకప్పుడు విజయనగరం మహారాజుల అధీనంలో ఉండి, తరువాత అటవీశాఖ సంరక్షణలోకి వచ్చింది. చిరుతపులులు నేటికీ అక్కడ సంచరిస్తున్నాయి. ప్రవేశద్వారం వద్ద సందర్శకుల కోసం పార్కు ఉంది. అక్కడి నుండి లోపలికి నడకబాటలున్నాయి.

ఇటువంటి బాటల ప్రసక్తి వచ్చినప్పుడల్లా ఒక సూచన వినిపిస్తూ ఉంటుంది. బాటలకు సిమెంటు వేయాలి, అంచులకు కమ్మీలు కట్టాలి, దీపాలు పెట్టాలి, అప్పుడే పెద్దవారు సుఖంగా నడవగలరు అని. సూచించేవారి ఉద్దేశం మంచిదే. కాని డెబ్బై దాటినవానిగా, వైద్యునిగా నేను దీనితో ఏకీభవించలేను. మా పేరు చెప్పి అడవిని చదును చేయవద్దని నా మనవి.

మనిషి నిలబడడం, నడవడం మనం అనుకున్నంత తేలిక పని కాదు. కళ్ళు, లోపలి చెవి, పాదాలలోను కీళ్ళలోను కండరాలలోను ఉండే నాడులు క్షణక్షణం మెదడుకు వార్తలు పంపితేనే శరీరం తూలకుండా ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఈ వ్యవస్థ మందగిస్తుంది. వాడకపోతే మరింత త్వరగా మందగిస్తుంది. నున్నటి గచ్చు మీద ప్రతి అడుగూ ఒకేలా పడుతుంది కనుక చీలమండకు, తుంటి కండరాలకు పెద్దగా పని ఉండదు. మట్టిబాట మీద ఒక అడుగు రాయి మీద, ఒక అడుగు వేరు ప్రక్కన పడుతుంది. ఆ చిన్న చిన్న సర్దుబాట్లే సమతౌల్యానికి అభ్యాసం.

ప్రభుత్వాసుపత్రులలో పనిచేసిన కాలంలో, తుంటి ఎముక విరిగి మంచం పట్టిన వృద్ధులను ఎందరినో చూశాను. వారిలో చాలామంది పడినది కొండల మీద కాదు. స్నానాల గదిలో, గడప దగ్గర, మంచం దిగుతూ. కాలు జారిన క్షణంలో శరీరాన్ని నిలదొక్కుకునే శక్తి తగ్గిపోవడమే చాలావరకు అందుకు కారణం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దలందరికీ వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామాన్ని సూచిస్తూ, 65 ఏళ్ళు నిండినవారు వారంలో కనీసం 3 రోజులు సమతౌల్యానికి, కండరబలానికి తోడ్పడే వ్యాయామం కూడా చేయాలని చెప్పాయి. అమెరికాలోని ఒరెగాన్‌లో అరవై దాటినవారిపై జరిపి 2005లో ప్రచురించిన ఒక పరిశోధనలో, గులకరాళ్ళను పోలిన ఎగుడుదిగుడు చాపల మీద 16 వారాలు నడిచినవారికి మామూలు నడక నడిచినవారికంటె సమతౌల్యం మెరుగుపడింది. రక్తపోటు కూడా కొంత తగ్గింది. అక్కడ చాప పరిచి కల్పించిన నేల ఇక్కడ మనకు ప్రకృతి ఇచ్చినదే. దానిని ఖర్చు పెట్టి చదును చేయడం ఏమి విజ్ఞత?

సిమెంటు వల్ల భద్రత పెరుగుతుందనే మాట కూడా పూర్తిగా నిజం కాదు. వానాకాలంలో చెట్టునీడన ఉన్న గచ్చుకు నాచు పడుతుంది. దానిని మించిన జారుడుబండ మరొకటి లేదు. మట్టి వాననీటిని కొంతైనా ఇంకించుకుంటుంది. గచ్చు దానిని ప్రక్కలకు తోసి అంచులను కోసివేస్తుంది. ఇక దీపాలు పెడితే రాత్రి జంతువులకు చెందిన వేళను కూడా మనమే ఆక్రమించినట్లవుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు ఈ ప్రాంతపు చెట్లు విరివిగా నేలకూలాయి. మిగిలిన మోడులు మళ్ళీ చిగిర్చాయి. గచ్చు క్రింద పడిన విత్తనానికి ఆ అవకాశం ఉండదు.

అందరూ కొండబాటలు ఎక్కగలరని నేననడం లేదు. చక్రాల కుర్చీలో ఉన్నవారికి, చేతికర్రతో నడిచేవారికి ద్వారం సమీపాననే ఒక చిన్న చదునైన దారి ఉండి తీరాలి. అది వారి హక్కు. మిగిలిన బాటలకు కావలసినవి వేరు: ఎంత దూరం, ఎంత ఎత్తు అని తెలిపే పలకలు, మధ్య మధ్య కూర్చోవడానికి బల్లలు, త్రాగునీరు, ప్రథమ చికిత్స తెలిసిన సిబ్బంది. అడగవలసినవి ఇవి.

ఇక నడిచేవారు పాటించవలసిన జాగ్రత్తలు కొన్ని. నడిస్తే ఛాతీలో పట్టేసినట్లు ఉండేవారు, ఇటీవల గుండెజబ్బుకు చికిత్స పొందినవారు ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి. ఎక్కేటప్పుడు ఆయాసం హెచ్చరిస్తుంది కనుక ఆగుతాము. దిగేటప్పుడు హెచ్చరిక ఉండదు, కాని మోకాళ్ళ మీద భారం ఎక్కువ పడేది అప్పుడే. చిన్న అడుగులతో, కర్ర ఊతతో దిగాలి. మధుమేహం ఉన్నవారు జేబులో బెల్లంముక్కో చక్కెరో ఉంచుకోవాలి. ఇంటికి రాగానే అరికాళ్ళు పరీక్షించుకోవాలి. స్పర్శ తగ్గిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు. ఒంటరిగా వెళ్ళవద్దు, బాట వీడవద్దు, అనుమతించిన వేళలు దాటవద్దు.

పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం, మంత్రాలు, నాటుమందులు అన్నీ ప్రాణాంతకాలే. కరచిన కాలిని కదలనీయకుండా, రోగిని నడిపించకుండా మోసుకువచ్చి, 108కి కబురు చేసి, విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. గడ్డిలో, పొదలలో ఉండే సూక్ష్మమైన నల్లి పిల్లల కాటు వల్ల స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది. కాటు నొప్పి పుట్టదు. ఆ చోట కాలినట్టి నల్లని పెచ్చు కనిపించవచ్చు. అడవికి వెళ్ళివచ్చిన రెండు మూడు వారాలలోపు జ్వరం వస్తే ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పండి. సకాలంలో గుర్తిస్తే చవకైన మందుతో నయమయ్యే జబ్బు. ఆలస్యమైతే ప్రాణాల మీదికి తెస్తుంది. నిండు చేతుల చొక్కా, మేజోళ్ళు, బూట్లు చాలావరకు రక్షణనిస్తాయి.

ప్రతి ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణకు లక్షలాదిమంది 32 కిలోమీటర్లు నడుస్తారు. వారిలో నా వయసువారు కూడా ఉంటారు. ఏడాదికొకసారి అంత దూరం నడిచి మిగిలిన రోజులు కుర్చీలో గడపడంకంటె, వారానికి మూడుసార్లు అరగంట మట్టి మీద నడవడం శరీరానికి ఎక్కువ హితం. ఆ అలవాటు లేనివారు ముందు ఇంటి దగ్గరి మైదానంలో మొదలుపెట్టి, నెల తరువాత కొండబాటకు రండి. అప్పటికి ఆ బాట మట్టిబాటగానే ఉండేటట్లు చూడడం మనందరి బాధ్యత.